టీబీ మందులు, అక్క తాకత్ డబ్బాలు

టీబీ మందుల కోర్సు అయిపోయి కొన్ని వారాలైంది. జబ్బులో ఉన్నప్పుడే రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. ఏం రాసినా వీలునామాలా వచ్చింది. చింపేశాను. ఇప్పుడు కొంచెం నవ్వగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. ఇది చదివిన వాళ్లలో ఒక్కరైనా డాక్టరు అడిగినప్పుడు ఇంట్లో మింగుతున్నదంతా చెబితే చాలు.

నేను సిరిసిల్లలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కంప్యూటర్ మీద పెళ్లి పత్రికలు తయారుచేస్తాను. నా భార్య లలిత రెండేళ్ల కింద గుండెపోటుతో పోయింది. ఆమె దశదినకర్మ కార్డు కూడా నేనే చేశాను. పేరు, ఊరు, తేదీ, భోజనాల వేళ, అంతే. "పూలన్నా పెట్టకపోతివి" అని బంధువులు నొచ్చుకున్నారు. నాకు పెట్టబుద్ధి కాలేదు.

తర్వాత నేను సన్నబడ్డాను. ఒక్కడి కోసం వండుకోవడం విసుగనిపించి, చాలాసార్లు చాయ్‌తో సరిపెట్టేవాణ్ణి. చూసినవాళ్లందరూ దిగులు అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఇక దగ్గు సంగతి. మా వీధిలో పొద్దంతా మరమగ్గాలు నడుస్తాయి, గాలిలో నూలు పొట్టు ఉంటుంది, అందరూ దగ్గుతారు. ఆ చప్పుడులో ఎవరి దగ్గు ఎవరిదో తెలియదు. ఒక ఆదివారం కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగిపోయాయి. వీధంతా నిశ్శబ్దమైంది. అప్పటికీ దగ్గుతున్నది నేనొక్కణ్ణే.

ఫిబ్రవరి

ఆసుపత్రిలో ఒక చిన్న డబ్బీ ఇచ్చి, పొద్దున లేవగానే తెమడ పట్టి తెమ్మన్నారు. తీసుకెళ్లాను. పరీక్ష చేసే అబ్బాయి మూత తీసి చూసి, "ఇది ఉమ్మి సార్, తెమడ కాదు. లోపల్నుంచి రావాలె" అని తిప్పి పంపాడు. మర్నాడు లోపల్నుంచి తెచ్చాను. అది టీబీ అని తేలింది.

డాక్టరు చెప్పింది రెండే విషయాలు. ఆరు నెలలు వాడితే తగ్గుతుంది. మధ్యలో సొంతంగా ఆపితే మళ్లీ వస్తుంది, అప్పుడు ఈ మందులకు లొంగకపోవచ్చు. రోజూ వేసుకోవలసిన పెద్ద మాత్రలతో పాటు ఒక చిన్న మాత్ర ఇచ్చి, "ఇది బీ-సిక్స్ విటమిన్, కాళ్లకు తిమ్మిర్లు రాకుండా" అన్నారు. మూత్రం ఎర్రగా వస్తుందని, భయపడవద్దని కూడా చెప్పారు.

మా అక్క రాజవ్వకు ఫోన్ చేశాను. ఆమెది కోరుట్ల. బావ పోయి చాలాకాలమైంది, ఒక్కడే కొడుకు శ్రీను గల్ఫ్‌లో ఉంటాడు. ఏదో కంపెనీలో సూపర్‌వైజర్ అని అక్క అందరికీ చెబుతుంది. మర్నాడే తెలిసినవాళ్ల కారు మాట్లాడుకుని వచ్చి నన్ను ఎక్కించుకుంది. అద్దాలన్నీ దింపించింది. దారి పొడుగునా ఆమె జుట్టు గాలికి నా మాస్కు మీద పడుతూనే ఉంది.

"ఎవరన్నా అడిగితే నిమ్ము అని చెప్పు" అంది.

"డాక్టర్ టీబీ అన్నది గదక్కా."

"డాక్టర్ అంటది తమ్మీ. ఆమెకు పక్కింటోళ్లు లేరా? నిమ్మంటే సూడొస్తరు. టీబీ అంటే కిటికీలకెళ్లి సూస్తరు."

కోరుట్ల చేరగానే మందుల సంచి విప్పింది. పెద్ద మాత్రలు చూసి తల ఊపింది. చిన్న మాత్రల అట్ట పట్టుకుని వెలుతురుకు పెట్టి చూసింది.

"గిదేందిరా, జొన్నగింజంత లేదు. గిదేం తాకత్ ఇస్తది?"

"తిమ్మిర్లు రాకుండా అట."

"తిమ్మిరొస్తే నేను ఒత్తుత తియ్యి" అని ఆ అట్టను దేవుడి ఫొటో వెనక పెట్టేసింది.

మార్చి, ఏప్రిల్

మా అక్క లెక్క ప్రకారం లోకంలో గోలీలు రెండు రకాలు. మందు గోలీలు వేడి చేస్తాయి, ఒంట్లోది బయటికి పంపిస్తాయి. తాకత్ గోలీలు, అంటే బలానికి వేసుకునేవి, చలువ చేస్తాయి, పోయినదాన్ని తెస్తాయి. ఎర్రటి మూత్రం సంగతి విన్నాక ఆమెకు ఇంక అనుమానం లేకపోయింది. ఎంత పోతున్నదో కంటికి కనిపిస్తుంటే అంతకంత లోపల పెట్టొద్దా అంది.

కోరుట్లలో గల్ఫ్ నుంచి తెచ్చిన తాకత్ డబ్బా లేని ఇల్లు ఉండదు. మనిషి సెలవు మీద వచ్చినప్పుడు సెంటు సీసాలతో, తలనొప్పి మందుతో పాటు ఒక విటమిన్ల డబ్బా తెస్తాడు. దాన్ని ఎవరూ తినరు. షోకేసులో పెడతారు. ఎవరికైనా బాగాలేదని తెలిస్తే అప్పుడు దుమ్ము తుడిచి పట్టుకొస్తారు. నాకు నిమ్ము అని తెలిసి వారం తిరిగేసరికి మా అక్క షోకేసు మందుల దుకాణంలా అయింది. చేపనూనెవి, ఇనుమువి, జుట్టుకు సంబంధించినవి. నాకు నెత్తి మీద జుట్టు లేదని చెబితే, "అందుకే మరి" అంది అక్క.

వాటిలో ఒక పొడుగాటి గొట్టం ఉండేది. లోపల రూపాయి బిళ్లంత నారింజ రంగు గోలీలు. అక్క ఎదురింటి లచ్చవ్వ తెచ్చింది. ఆమె ఎదుటే వేసుకోవాలి, లేకుంటే బాగుండదని అక్క ఒక గోలీ నా నోట్లో పెట్టించి నీళ్లు పోసింది. అది నీళ్లలో కరిగించి తాగవలసిన గోలీ అని మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. నోట్లో బుసబుసమంటూ పొంగింది. ముక్కులోంచి నారింజ నురుగు వచ్చింది. లచ్చవ్వ, "ఓ రాజవ్వా, నీ తమ్మునికి ఫిట్సొచ్చినయే, తాళాల గుత్తి తే!" అని కేకపెట్టి నా చేతిలో ఇనుప గరిటె కుక్కింది. నేను మాట్లాడబోయిన కొద్దీ నురుగు ఎక్కువైంది.

ఏప్రిల్‌లో శ్రీను పంపిన డబ్బా వచ్చింది. ఇబ్రహీంపట్నం వైపు మనిషి ఒకాయన సెలవు మీద వస్తూ తెచ్చాడు. డబ్బా అనకూడదు, అది బకెట్. మూత విప్పితే గోధుమరంగు పొడి, బెల్లం వాసన, దానికింద గడ్డి వాసన. లోపల ఒక కొలత గరిటె, మామూలు చెంచాకు నాలుగింతలు. శ్రీను వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మామా, ఇది మామూలు తాకత్ కాదు. నేను కండ్లార సూసిన. లేవలేని పానాలు లేసి ఉరికినయి. నువ్వేం పికర్ చెయ్యకు."

బకెట్ మీద రాతంతా అరబ్బీ. రాతకింద ఒంటె బొమ్మ.

"అక్కా, ఒంటె ఉన్నదే దీని మీద."

"అది అరబ్బోళ్ల గుర్తు. మన పాల పాకిట్ మీద ఆవు ఉంటది. ఆవుకు తాగిస్తున్నమా?"

నేను బతుకంతా పుస్తకాలు చదివినవాణ్ణి. ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

పాలలో కలిపి ఇచ్చేది. "నిండు గరిటె నీ పానానికి ఎక్కువైతది" అని సగమే వేసేది. గొంతులో ఇసుకలా దిగేది.

అప్పటికే నాకు జ్వరం పోయింది, దగ్గు తగ్గింది. కోరుట్లకు వచ్చాక నా వైద్యం జగిత్యాల ఆసుపత్రికి మార్పించారు. రెండో నెల చివర అక్కడ చేసిన పరీక్షలో తెమడలో క్రిములు కనబడలేదు. ఆ ఘనత టీబీ మందులదని నేను, బకెట్‌దని అక్క. వీధిలో ఆమె మాటే నెగ్గింది. పోలీసు ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేస్తున్న ఒకాయన వచ్చి గ్లాసెడు పొడి అడిగి తీసుకెళ్లాడు. వారం తర్వాత, మునుపటికంటే బాగా ఉరుకుతున్నానని చెప్పి మళ్లీ గ్లాసు పట్టుకొచ్చాడు.

మే

మే నెలలో అన్నం వాసన పడకుండా పోయింది. తిన్నది నిలవలేదు. ఎండ వల్ల అనుకున్నాం. ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో చూస్తే కళ్లు పసుపు రాసినట్టున్నాయి.

జగిత్యాల ఆసుపత్రి వరండాలో బెంచీల మీద అందరం మాస్కులు పెట్టుకుని కూర్చుంటాం. అక్కడ రోగాల గురించి ఎవరూ మాట్లాడరు, తిండి గురించి మాట్లాడతారు. ఒకరు మేకకాళ్ల సూప్ అంటారు, ఒకరు నాటుకోడి గుడ్డు అంటారు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ నా కళ్లు చూసింది. తన సంచిలోంచి ఒక అరటిపండు తీసి నా చేతిలో పెట్టింది. తినలేనని చెబితే, "తినకు బిడ్డా. పట్టుకో. వాంతి వచ్చినప్పుడు వాసన సూడు" అంది. అది పనిచేసింది. ఆ పండు తిరిగి ఇచ్చానో లేదో గుర్తులేదు.

డాక్టరమ్మ నా కళ్లు చూసి, పొట్ట నొక్కి అడిగింది.

"టీబీ గోలీలు గాక ఇంకేమన్న మందులు వాడుతున్నరా?"

"లేదు మేడం" అన్నాం అక్కా నేనూ ఒకేసారి.

మేం అబద్ధం చెప్పామని అనుకోలేదు. మందు అంటే డాక్టరు ఇచ్చేది. ఇంట్లో ఉన్నది తాకత్. అన్నం తింటున్నావా అని అడిగితే ఉప్పు సంగతి చెప్పనట్టే, ఆ సంగతీ మా నోటికి రాలేదు.

రక్తపరీక్షలో కాలేయం దెబ్బతిన్నదని వచ్చింది. టీబీ మందులే కొందరికి ఇలా చేస్తాయని, అన్నీ ఆపేయాలని ఆమె చెప్పింది. కాలేయం కుదుటపడితే ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెడతారు. కుదుటపడకపోతే వేరే మందులు వెతకాలి, అది పొడుగు దారి. ఈలోగా లోపల మిగిలిన క్రిములు ఊరుకుంటాయా అని అడిగాను. "అందుకే తొందరగ తగ్గాలె" అంది. ఒక్కరోజు కూడా ఆపవద్దని మొదట చెప్పారు. ఇప్పుడు రోజూ ఆపుతున్నాను. మాత్రల వేళకు చేయి దానంతటదే సంచి వైపు పోయేది.

జూన్

"మందు బంద్ అయిందంటే తాకత్ డబల్ చెయ్యాలె" అంది అక్క. ఆమె లెక్కలో అది న్యాయమే. సగం గరిటె నిండు గరిటె అయింది. షోకేసులోవి కూడా పూటకు రెండు రకాలు ఎక్కువయ్యాయి. నేను కక్కితే కాసేపు ఆగి మళ్లీ కలుపుకొచ్చేది. తిట్టేది కాదు. "లలితను సూసుకోలేకపోతిమి" అని ఒక్కసారే అంది, గ్లాసు నా చేతికిస్తూ. ఆ తర్వాత నేను గ్లాసు వద్దనలేదు.

మళ్లీ రక్తపరీక్ష. తగ్గలేదు. ఇంకోసారి. కొంచెం పెరిగింది. మందులు ఆపినా ఎందుకు పెరుగుతున్నదో డాక్టరమ్మకు అంతుపట్టలేదు. పెద్దాసుపత్రికి పంపాలేమో అంది.

లలిత పోయాక, చనిపోవడం మీద నాకు పెద్దగా అభ్యంతరం లేదని అనుకుంటూ ఉండేవాణ్ణి. ఎవరితో అనలేదు గానీ, అదొక ధైర్యమనుకున్నాను. ఆ వారం కోరుట్లలో మంచం మీద పడుకుని ఫ్యాన్ చూస్తుంటే, అభ్యంతరం ఉందని తెలిసింది. చాలానే ఉంది. నాకు కొంచెం సిగ్గేసింది.

మా కూతురు స్వప్న పెళ్లయి జగిత్యాలలో ఉంటుంది. వాళ్లింట్లో పసిపిల్ల ఉందని నేనే ఇన్నాళ్లూ రావద్దన్నాను. పెద్దాసుపత్రి మాట విని ఆగలేక వచ్చింది. వచ్చీ రాగానే వంటింట్లో బకెట్ చూసింది.

"బాపూ, గిదేంది?"

"శ్రీను పంపిన తాకత్."

"ఎవరన్న చదివిండ్రా దీని మీద ఏమున్నదో?"

ఫోన్ తీసి కెమెరా దాని మీద పెట్టింది. అరబ్బీ రాత తెరమీద తెలుగులోకి మారుతోంది. ఆమె ముఖమూ మారింది. పైకి చదివింది. "పాలిచ్చే ఒంటెలకు, పందెం ఒంటెలకు. దాణాల కలపాలె."

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఫోన్‌కు తెలుగు సక్కగ రాదు. ఇంకోపారి పెట్టు."

మళ్లీ పెట్టింది. మళ్లీ ఒంటెలే.

"పిల్ల ఒంటెలకు సగం గరిటె" అని ఇంకో వరుస చదివింది స్వప్న.

"నేను మొదట సగమే ఇచ్చిన" అంది అక్క. ఆమె గొంతులో ఇంకా కొంచెం ఆశ ఉంది.

"మనుషులు వాడొద్దు" అని ఉన్న చివరి వరుసతో అది పోయింది. అక్క బకెట్‌కు మూత పెట్టి పక్కకు జరిపింది. ఫోన్ తెమ్మంది. శ్రీనుకు వీడియో కాల్ కలిపాం.

"ఒరే శ్రీనుగా, మీ కంపెనీల ఒంటెలెందుకున్నయిరా?"

అటువైపు గాలి హోరు. శ్రీను తలగుడ్డ సర్దుకున్నాడు.

"కంపెనీ లేదమ్మా. ఒంటెలే ఉన్నయి."

వాడే చెప్పాడు. సూపర్‌వైజర్ కాదు, ఎడారిలో ఒంటెలు కాస్తున్నాడు. వెళ్లినప్పటి నుంచీ అదే పని. "మామకు ఏమైందమ్మా? మాలిక్ సేటు మాకు తక్కువ చేస్తడు గని ఒంటెలకు తక్కువ చెయ్యడు. ఈడ ఉన్నదాంట్ల మంచిది అదేనే. అందుకే పంపిన. నేను గూడ రోజు తింటున్న."

"నువ్వు గూడనా?" అక్క ఫోన్ దగ్గరికి లాక్కుంది. "కండ్లు సూపెట్టు. ఎలుగుకు తిరుగు. కింది రెప్ప గుంజు. ఆఁ, తెల్లగనే ఉన్నయి. ఇయాల్టి సంది ముట్టినవంటే నీ కాళ్లిరగ్గొడ్త. బువ్వ తిను, కొడుకా. పప్పు దొరుకుతదా ఆడ?"

"దొరుకుతది."

"ఒంటెల కాడ ఉన్నవని చెప్తే నేనేమన్న అందునా?"

"అందువు."

"అందును" అని ఒప్పుకుంది అక్క. ఇద్దరూ ఏడ్చారు, ఆ మధ్యలోనే నవ్వారు కూడా. వెనక ఒక ఒంటె కెమెరాలోకి తల పెట్టింది. బాగా పుష్టిగా ఉంది.

మర్నాడు బియ్యం సంచిలో డబ్బాలన్నీ నింపుకుని, బకెట్ విడిగా మోసుకుని జగిత్యాల వెళ్లాం. డాక్టరమ్మ బల్ల మీద అక్క ఒక్కొక్కటే పేర్చింది. బల్ల చాలలేదు.

"మందులేమన్న వాడుతున్నరా అంటే లేదన్నరు గదా?"

"మందులేడియమ్మా? ఇవి తాకత్‌వి."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి ముఖం తుడుచుకుంది. నవ్వు ఆపుకోవడానికో కోపం ఆపుకోవడానికో తెలియలేదు. విటమిన్లైనా మోతాదు మించితే కాలేయమే మోయాలని చెప్పింది. కళ్లు పచ్చబడడం టీబీ మందుల వల్లా, వీటివల్లా, రెండూ కలిసా అనేది తను ఖాయంగా చెప్పలేనంది. ఇవి ఆపితే తెలుస్తుందంది. టీబీని చంపేది టీబీ మందులేనని, విటమిన్లు ఆ పని చేయవని, ఒంటికి బలం కావాలంటే అన్నం, పప్పు, గుడ్డు, పాలు పెట్టమని అక్కకు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. చివరికి సంచి అడుగున, దేవుడి ఫొటో వెనక నుంచి అక్క తీసి వేసిన చిన్న మాత్రల అట్ట దొరికింది.

"ఇదెందుకు నిండుగ ఉన్నది? ఒక్కటి కూడ వెయ్యలేదా?"

"చిన్నగ ఉన్నదని..." అంది అక్క.

"ఇన్నిట్ల ఈయనకు కావల్సిన విటమిన్ ఇదొక్కటేనమ్మా."

అప్పుడు నేను, రెండు నెలలుగా అరికాళ్లలో చీమలు పాకినట్టుంటోందని చెప్పాను. రోజూ సాయంత్రం అక్క ఒత్తుతూనే ఉంది. మాట తప్పలేదు.

జూలై తర్వాత

బకెట్ ఆపిన తర్వాత పరీక్షలో అంకె దిగింది. ఇంకో పరీక్షలో ఇంకా దిగింది. టీబీ మందులు ఒక్కొక్కటే తిరిగి ఇచ్చారు, ఒకటి ఇచ్చి కొన్నాళ్లు చూసి ఇంకొకటి. ప్రతిసారీ అద్దం ముందు కళ్లు చూసుకునేవాణ్ణి. నా వెనక అక్క నిలబడి నాకంటే ముందు చూసేది. అన్నీ వచ్చి చేరాక, తెమడ మళ్లీ పరీక్ష చేసి, క్రిములు లేవన్నారు. ఆ సాయంత్రం అక్క కోడిగుడ్లు ఎన్ని ఉడకబెట్టిందో చెప్పను.

డాక్టరమ్మ దగ్గర అన్నీ చెప్పేసినప్పటి నుంచి అక్కకు చెప్పడం అలవాటైపోయింది. శ్రీనుకు సంబంధం చూస్తామని వచ్చినవాళ్లకు కూర్చోకముందే, "మావోడు ఒంటెల కాడ ఉన్నడు" అని చెప్పింది. వీధిలో నా జబ్బు నిమ్ము కాదని, టీబీ అని కూడా చెప్పేసింది. లచ్చవ్వ ఆశ్చర్యపోలేదు.

"నాకెర్కనే. నిమ్ముకు ఎవలన్న నెలల కొద్ది గోలీలు మింగుతరా?"

"ఎర్కుండి మరి రోజు వస్తివేందే?"

"సీరియల్ మీ టీవీల మంచిగ కనిపిస్తది."

ఆ చిన్న మాత్ర రోజూ వేసుకుంటుంటే కాళ్లలో చీమలు మెల్లగా పోయాయి. చలి మొదలవుతుండగా, ఇంక మాత్రలు అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. అక్క నన్ను సిరిసిల్లలో దింపి, ఇల్లంతా ఊడ్చి, నీళ్లు పట్టి, బియ్యం పప్పు ఎక్కడున్నాయో నా ఇంట్లో నాకే చూపించి, మధ్యాహ్నం బస్సుకు పోయింది.

తలుపు వేసి కూర్చున్నాను. వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి. లలిత లేని ఇల్లు అలాగే ఉంది, దానికేం మందు లేదు. కాసేపటికి కడుపులో ఏదో మెలిపెట్టింది. నెలల తరబడి కడుపును అనుమానంగా చూడడం అలవాటై, ముందు అద్దంలో కళ్లు చూసుకున్నాను. తెల్లగానే ఉన్నాయి. నాలుక చూసుకున్నాను. అరటిపండు కోసం వెతికాను. అది ఆకలి అని అర్థం కావడానికి ఇంకొంచెంసేపు పట్టింది.

అన్నం, పప్పు వండుకున్నాను. పప్పులో ఉప్పు ఎక్కువైంది. రెండోసారి కూడా పెట్టుకున్నాను.